డెమో పార్టీకి వస్తున్నారు, కొనడం లేదంటే

మూత డబ్బాలు అమ్ముదామని ఇంట్లో డెమో పార్టీ పెడితే పది మంది వచ్చి, పకోడీలు తిని, "బాగున్నాయండీ" అనేసి వెళ్లారు, రెండు చిన్న డబ్బాలే అమ్ముడుపోయాయన్నారు కదా. టెన్షన్ పడకండి. సామానంతా బల్ల మీద పేర్చి క్యాటలాగ్ చేతికిచ్చానన్నారు, చిక్కంతా అక్కడే ఉంది.

డబ్బాలో వేడి తగ్గిన సాంబారు పోయండి. మూత బిగించి, తలకిందులు చేసి, అనుమానంగా చూస్తున్న పిన్నిగారి చేతికే ఇవ్వండి. ఆవిడ ఊపి చూసుకుంటే చాలు, ఇక మీరు మాట్లాడక్కర్లేదు. ప్లాస్టిక్ డబ్బాల కంపెనీ టప్పర్‌వేర్ అయినా సరుకు కొట్లలో సరిగా అమ్ముడుపోకపోతేనే 1951లో ఇళ్లలో పార్టీలకు మళ్లింది. మూత నొక్కి గాలి ఎలా తీయాలో ఎవరో ఒకరు చేసి చూపించాల్సి వచ్చింది మరి.

ఇంకోటి, ప్రతిసారీ మీ ఇంట్లోనే పెట్టకండి. మీవాళ్లు మొహమాటానికి ఒకసారి కొంటారు, రెండోసారి రారు. పక్క అపార్ట్‌మెంట్ ఆవిడను తన ఇంట్లో పార్టీ పెట్టి తనవాళ్లను పిలవమనండి, కొత్త ముఖాలు వస్తాయి. అమ్మకాన్ని బట్టి ఆవిడకో గిఫ్ట్ ఇస్తానని ముందే చెప్పండి. తర్వాతి పార్టీ ఎవరింట్లోనో అందరూ లేవకముందే ఖాయం చేసుకోండి.

జీతాలు పడిన వారంలోనే పెట్టండి. "మావారిని అడిగి చెప్తా" అన్నవాళ్లకు మర్నాడే ఫోన్ చేయండి, వారం ఆగితే మర్చిపోతారు.