బోరు మోటారు ఎవరు వేస్తున్నారో ముందు కనుక్కో

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఐదో తరగతి పిల్లల పళ్ళ మీద ఆ గోధుమరంగు చారలు నాకు కొత్తేం కాదు, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చేవే అవి. నల్లగొండ జిల్లాలో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పినవాణ్ని. పిల్లాడు నోరు తెరిస్తే చాలు, ఏ ఊరి బోరు నీళ్ళు తాగి పెరిగాడో చెప్పేసేవాణ్ని. కృష్ణా నీళ్ళు ఇంటింటికీ వచ్చాక కూడా ఈ చారలేమిటా అని రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

కలెక్టర్ దగ్గరికి వెళ్ళనా, వీడియో పెట్టనా అని అడిగావు. రెండూ వద్దనను. అంతకంటే ముందు మీ బడి ట్యాంకుకి మోటారు ఎవరు వేస్తున్నారో, ఏ వేళకి వేస్తున్నారో కనుక్కో. నవ్వకు, చెబుతాను.

బడికి ఆ కృష్ణా నీళ్ళిచ్చే సర్కారు పథకం మిషన్ భగీరథ కనెక్షన్ ఉందన్నావు. ఆ నీళ్ళు ఊళ్ళోకి పొద్దున ఆరింటికి వస్తాయనీ అన్నావు. ఆరింటికి బడికి తాళం వేసి ఉంటుంది, వాల్వు తిప్పేవాళ్ళుండరు. తొమ్మిదింటికి వంటామె వచ్చేసరికి ట్యాంకు ఖాళీ. పప్పు ఉడకాలి కదా, స్విచ్ వేస్తుంది, బోరు పోస్తుంది. ఇదే జరుగుతోందని నా అనుమానం. అదే నిజమైతే మీ బడి కష్టం కోట్ల రూపాయలది కాదు, పొద్దున ఒక గంట మనిషి లేకపోవడం. అది తెలియకుండా "మా పిల్లలకి మంచినీళ్ళు ఇవ్వండి" అని అర్జీ పెట్టావనుకో, ఇచ్చాం కదమ్మా అని రిజిస్టరు తీసి చూపిస్తారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కూడా కాదు.

నేను ఒకసారి ఇలాగే తల దించుకున్నాను. అప్పట్లో ఊళ్ళో నీళ్ళు పరీక్ష చేయించి, రిపోర్టు జేబులో పెట్టుకుని మీటింగులో లేచి గట్టిగా మాట్లాడాను. ఇంజనీరు అంతా విని, "మాస్టారూ, ఇది ఏ బోరు నీళ్ళు? ఎప్పుడు పట్టారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఊళ్ళో అయిదు బోర్లున్నాయి. రిపోర్టులో అంకె నిజమే, కానీ అది దేనిదో నేను రాసుకోలేదు. ఆ ఒక్క ప్రశ్నతో ఏడాది వెనక్కి పోయాం.

అందుకని నువ్వు నాలుగు సీసాలు పట్టు: బోరు దగ్గర ఒకటి, ట్యాంకు దగ్గర ఒకటి, పిల్లలు తాగే కుళాయి దగ్గర ఒకటి, వంట గిన్నెలో పోసే నీళ్ళు ఒకటి. ప్లాస్టిక్ సీసాలే వాడు. ఫ్లోరైడ్ పరీక్షకి గాజు పనికిరాదు. హెడ్మాస్టరునీ, పంచాయతీ నీళ్ళు వదిలే మనిషినీ పక్కన పెట్టుకుని పట్టు. తేదీ, వేళ, చోటు రాసి వాళ్ళ చేత సంతకం పెట్టించు. ఊళ్ళో నీళ్ళ పరీక్ష కిట్టు వాడటం నేర్చుకున్న ఆడవాళ్ళుంటే ముందు వాళ్ళ చేత చూపించు, కానీ ఆఫీసులో పెట్టడానికి మాత్రం ల్యాబ్ కాగితమే కావాలి. లీటరుకి 1 మిల్లీగ్రాము వరకూ పరవాలేదు. వేరే దారి లేనప్పుడు 1.5 వరకూ ఒప్పుకుంటారు. మీకు వేరే దారి ఉంది, గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఈ ముక్క అర్జీలో తప్పకుండా రాయి.

ఇంకో సంగతి. మీ వీధిలో ఎవరో ఒకరు "నీళ్ళు మరిగించి తాగించండి" అంటారు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది. పళ్ళు లోపల తయారయ్యేది సుమారు ఎనిమిదేళ్ళ వయసు దాకా. ఆ లోపు తాగిన నీళ్ళ గుర్తు పంటి మీద జీవితాంతం ఉంటుంది. ఎముకలకి పట్టాక తిరిగి బాగుచేసే మందు లేదు. డాక్టరు చేతిలో లేనిది పైపు చేతిలో ఉంది. మేం బడి పంతుళ్ళమై ఉండి ఆఫీసుల చుట్టూ తిరిగింది అందుకే.

ఎంతకాలం తిరిగామో నీకు తెలియదు. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు (ఫ్లోరోసిస్) గురించి డాక్టర్లు మొదట రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుంచి. మిషన్ భగీరథ మొదలైంది 2016 ఆగస్టు 7న, గజ్వేల్ దగ్గర కోమటిబండలో. మధ్యలో ఎన్ని తరాల పిల్లలో లెక్క వేసుకో. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టి నల్లగొండ టెక్నిక్ అన్నారు. పేరైతే వచ్చింది. రోజూ కొలిచి కలపాలి, కింద చేరిన బురద పారబోయాలి, ఇంట్లో ఎన్నాళ్ళు చేస్తారు?

1996లో నువ్వు పుట్టలేదు. ఆ ఏడు లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీ చేశారు. తాగునీళ్ళూ సాగునీళ్ళూ కావాలని దుశ్చర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి వేయించిన నామినేషన్లే అందులో ఎక్కువ. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, ఎన్నికే వాయిదా పడింది. దేశమంతా మనవైపు తిరిగి చూసింది. ఆ వెంటనే ఢిల్లీ చేసిన పని తెలుసా? లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. మనకి నీళ్ళకంటే ముందు డిపాజిట్ పెరిగింది!

అది వృథా అని నేననను, అప్పుడు నాకూ ఒళ్ళు పులకరించింది. కానీ అందరూ చూస్తున్నప్పుడు చేతిలో పెట్టడానికి ఒక కాగితం ఉండాలి: ఫలానా పని, ఫలానా ఆఫీసు, ఫలానా తేదీ అని. నీ వీడియోకీ అంతే. పదివేల మంది చూసి, ఎవరో పెద్దాయన ఫోన్ చేసి "ఏం కావాలమ్మా?" అంటే గుక్క తిప్పుకోకుండా చెప్పగలగాలి. అది సిద్ధంగా ఉంటే వీడియో పెట్టు.

అయితే అందులో పిల్లల మొహాలు వద్దు, పళ్ళు కూడా వద్దు. నా క్లాసులో కాళ్ళు వంకరపోయిన కుర్రాడొకడు ఉండేవాడు. పట్నం నుంచి ఎవరొచ్చినా వాణ్ని పిలిచి, నాలుగడుగులు నడిచి చూపించరా అనేవాణ్ని. మంచి పనికే కదా అనుకునేవాణ్ని. కొన్నాళ్ళకి జీపు చప్పుడు వినిపిస్తే చాలు, వాడు బడి వెనక్కి వెళ్ళి కూర్చునేవాడు. నాకు అర్థమవడానికి చాలా రోజులు పట్టింది. నువ్వు సీసాలు చూపించు, ల్యాబ్ కాగితం చూపించు, ఆ స్విచ్‌బోర్డు చూపించు.

వంటామెనీ, హెడ్మాస్టరునీ కూడా వీడియోలో నిలదీయొద్దు. బోరు స్విచ్ వేసింది ఆవిడే, నిజమే. పిల్లలు ఆకలితో ఉండకూడదనే వేసింది. రేపు పొద్దున ఆరింటికి వచ్చి వాల్వు తిప్పాల్సిన వాళ్ళు వీళ్ళలోనే ఎవరో ఒకరు. ఇప్పుడే పగ పెట్టుకుంటే ఎలా?

అర్జీ ఒక్క పేజీ దాటొద్దు. తాగే, వండే ట్యాంకుకి బోరు లైను తీసేయాలి. పొద్దున నీళ్ళు పట్టే బాధ్యత ఫలానా మనిషిదని పంచాయతీ రాతపూర్వకంగా చెప్పాలి. ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేసి ఆ అంకె బడి గోడ మీద రాయాలి. ఈ మూడూ మండలంలోని అన్ని బడులకీ, అంగన్‌వాడీలకీ వర్తించాలి. అసలు కిటుకు ఈ చివరి మాటలో ఉంది. అది లేకపోతే "మీ బడికి చేసిపెడతాంలేమ్మా" అని నీ నోరు మూయించడం చాలా సులువు. అలా అన్నప్పుడు వద్దనకు, చేయించుకో. చేయించుకుని మిగతా బడుల జాబితా బల్ల మీద పెట్టు. నువ్వు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్నావు, పక్క ఊళ్ళ కమిటీల్లో తల్లులకి ఫోన్ చెయ్యి. పది ఊళ్ళ నుంచి ఒకే మాటతో పది అర్జీలు వెళితే దాన్ని ఒక బడి గొడవ అనలేరు.

రసీదు లేకుండా కౌంటరు వదలొద్దు. నెల దాటినా కదలకపోతే సమాచార హక్కు కింద "నా అర్జీ మీద ఏం చేశారు? మండలంలో ఏ బడి ట్యాంకుకి ఏ నీళ్ళు ఎక్కుతున్నాయి?" అని అడుగు. పంచాయతీ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో అయితే 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ అడగడంతోనే చాలా ఫైళ్ళు దుమ్ము దులుపుకుంటాయి. అధికారి బదిలీ అయితే కొత్తాయనకి మొత్తం కట్ట మళ్ళీ ఇవ్వాలి, కాబట్టి జెరాక్సులకి చూసుకోకు. నేను చూసుకున్నాను, అనుభవించాను.

ఈ సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్ళొద్దు. ల్యాబ్ కాగితం చేతికి వచ్చాక వెళదాం, నేనూ వస్తాను, మాట్లాడేది మాత్రం నువ్వే. సీసాలు సబ్బుతో కడగొద్దు. ఏ నీళ్ళు పడుతున్నావో ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి పట్టు.

మీ పెద్దనాయన