డాక్టర్ సలహా: కొత్త గిటార్ కొలతలు రాసే ముందు చేతికి పరీక్షలు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. నా వయసు 51. గాజువాకలో ఉంటాం, ఉద్యోగం డాబా గార్డెన్స్‌లో. రోజూ బైక్ మీద వెళ్ళొస్తాను. కాలేజీ రోజుల నుంచి గిటార్ అలవాటు. ఇంట్లో పాత సినిమా పాటలు, ఆదివారం చర్చిలో క్వయర్‌తో వాయిస్తుంటాను. కొన్ని నెలలుగా ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. రాత్రి రెండు మూడు గంటలకి మెలకువ వచ్చేస్తోంది, చెయ్యి విదిలిస్తే గానీ తగ్గదు. అరగంట వాయిస్తే కుడి భుజం పట్టేస్తోంది. థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను, పరీక్ష చేయించి ఏడాది దాటింది. షుగర్ ఎప్పుడూ చూపించుకోలేదు. రిటైరయ్యాక కాలక్షేపానికి ఉంటుందని బెంగళూరులో చేత్తో గిటార్లు చేసే ఒకాయనకి అడ్వాన్స్ ఇచ్చాను. బాడీ సైజు, స్కేల్ లెంగ్త్ (తీగ మోగే భాగం పొడవు), నట్ (నెక్ పైచివర తీగలు ఆనే గాట్ల పట్టీ) వెడల్పు, నెక్ (ఎడమ చెయ్యి పట్టే పొడవాటి భాగం) ఆకారం, తీగల మందం అంటూ ఆయనో ఫారం పంపారు. ఇప్పుడు నా దగ్గరున్నది పెద్ద బాడీ ఉన్న డ్రెడ్‌నాట్. నా చేతికి ఏం రాయాలి? నెక్ వీలైనంత సన్నగా పెట్టించుకోమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. మా ఆవిడ అసలు వాయించడమే మానేయమంటోంది.
– పేరు వద్దన్న పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మానేయక్కర్లేదండీ. ఆ మాట మీ ఆవిడగారికి కూడా చెప్పండి. కానీ ఫారం మాత్రం ఒక రెండు నెలలు ఆపమని బెంగళూరు ఆయనకి ఫోన్ చేయండి. చేత్తో చేసే గిటార్‌కి ఎలాగూ నెలలు పడుతుంది, ఆయన కాదనరు. తిమ్మిరెక్కిన చేతిని బట్టి ఇప్పుడు కొలతలు రాసేస్తే, రేపు చెయ్యి కుదుటపడ్డాక గిటార్ మాత్రం ఆ జబ్బు చేతి కొలతలతోనే ఉండిపోతుంది.

ఉత్తరం చదివి జబ్బు తేల్చలేను గానీ, మీరు రాసిన లక్షణాలు చూస్తే కార్పల్ టనెల్ అనిపిస్తోంది. మణికట్టు దగ్గర కింద ఎముకలు, పైన గట్టి పట్టీ, మధ్యలో ఇరుకైన దారి ఉంటుంది. వేళ్ళు ముడిచే తొమ్మిది టెండన్లూ (కండను ఎముకకి కలిపే తాళ్ళు), వాటితోపాటు మీడియన్ నరమూ అందులోంచే వెళ్ళాలి. లోపల కాస్త వాపు వచ్చినా ముందు నలిగేది నరమే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలులో సగం దాని పరిధి. నిద్రలో మణికట్టు మడిచి పడుకుంటాం కాబట్టి ఒత్తిడి పెరిగి అర్ధరాత్రి లేపుతుంది. చెయ్యి విదిలిస్తే తగ్గుతోందని రాశారు చూడండి, ఆ ఒక్క మాటే నాకు చాలా చెప్పింది.

చిటికెన వేలు సంగతి మీరు రాయలేదు. తిమ్మిరి ప్రధానంగా దాంట్లోనే ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు చూడాల్సింది మోచేతి దగ్గరుండే అల్నార్ నరాన్ని. గిటార్ పట్టుకున్నంతసేపూ ఎడమ మోచెయ్యి మడిచే ఉంటుంది కదా. మెడ తిప్పినప్పుడు తిమ్మిరి చేతిలోకి జారుతుంటే మెడ నరాలను అనుమానించాలి. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోండి. రెండు అరచేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్ళు కిందికి వేలాడేలా ఒక నిమిషం ఉంచండి. ఆ మూడు వేళ్ళలోనే చిమచిమలు మొదలైతే నా అనుమానం బలపడుతుంది. రాకపోయినంత మాత్రాన జబ్బు లేదని కాదు.

గిటార్‌నే దోషిగా నిలబెట్టకండి. గాజువాక నుంచి ఊళ్ళోకి ట్రాఫిక్‌లో వందలసార్లు క్లచ్ నొక్కేది కూడా ఆ ఎడమ చెయ్యే. దానికన్నా ముఖ్యంగా, థైరాయిడ్ మందు డోసు చాలకపోతే కణజాలంలో నీరు పట్టి ఆ ఇరుకు దారి ఇంకా ఇరుకవుతుంది. షుగర్ ఉంటే నరం తేలిగ్గా దెబ్బతింటుంది. అందుకని మొట్టమొదట థైరాయిడ్, షుగర్ సంగతి తేల్చే రక్తపరీక్షలు టీఎస్‌హెచ్, హెచ్‌బీఏ1సీ చేయించండి. తర్వాత నరంలో సంకేతం ఎలా పోతోందో చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్. మన ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఆర్థో, న్యూరాలజీ విభాగాలు రెండూ ఉన్నాయి, ఓపీలో చూపించుకోవచ్చు. థైరాయిడ్ డోసు సరిచేయగానే చేతి తిమ్మిరి చాలావరకు తగ్గినవాళ్ళు ఉంటారు. మీ విషయంలోనూ అదే జరిగితే ఫారంలో సగం ప్రశ్నలకి జవాబు వేరేగా ఉంటుంది.

ఈలోగా మణికట్టు నిటారుగా నిలిపే స్ప్లింట్ రాత్రిపూట కట్టుకోండి, కనీసం ఆరు వారాలు. లోపల పట్టీ లాంటి గట్టి బద్ద ఉన్నది కావాలి. క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటే లాభం లేదు. వాయించేటప్పుడు మాత్రం స్ప్లింట్ వద్దు, మణికట్టు కదలక వేళ్ళు ఇంకా గట్టిగా నొక్కుతాయి. నొప్పి మాత్రలు ఈ తిమ్మిరికి పెద్దగా పనిచేయవు. మందుల షాపులో అడిగి నరాల బలానికని తెచ్చుకునే మాత్రలు నెలల తరబడి మింగేవాళ్ళను చూస్తుంటాను. వాటిలో ఉండే బీ6 ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే అదే నరాలను పాడుచేస్తుంది.

భుజం కథ వేరు. కుడి చెయ్యి వీపు వెనక్కి పెట్టి, పైకి ఎంతవరకు పోతుందో ఎడమ చేతితో పోల్చి చూడండి. బాగా తేడా ఉండి, రాత్రి ఆ పక్కకి ఒత్తిగిలితే నొప్పి వస్తుంటే ఫ్రోజెన్ షోల్డర్ మొదలవుతోందేమో చూడాలి. మీ వయసులో, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళలో అది మామూలే. కదలికలన్నీ బాగుండి వాయించినప్పుడే పట్టేస్తుంటే అప్పుడు మీ డ్రెడ్‌నాట్‌ని అనుమానించవచ్చు.

ఇక ఫారం. దాంట్లో రెండు రకాల ప్రశ్నలున్నాయి. తీగల మందం, వాటి ఎత్తు, నట్ గాట్ల లోతు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. బాడీ లోతు, స్కేల్ లెంగ్త్ మాత్రం గిటార్ తయారయ్యాక మారవు, నెక్ మార్చాలన్నా పెద్ద పనే. మీ ఆలోచనంతా ఈ రెండో రకం మీద పెట్టండి.

బాడీ దగ్గర నేను మొహమాటం లేకుండా చెప్తాను, డ్రెడ్‌నాట్ వద్దు. దాని కింది వెడల్పు పదిహేనున్నర అంగుళాల పైన, లోతు ఐదు అంగుళాలకి కాస్త తక్కువ. కుర్చీలో కూర్చుని దానిమీదుగా చెయ్యి వేయాలంటే కుడి భుజం పైకి లేచి, పక్కకి తెరుచుకుని ఉండాలి. అరగంటసేపు భుజాన్ని అలా ఎత్తి ఉంచమని ఏ డాక్టరూ చెప్పడు. ఓఎం (ఆర్కెస్ట్రా మోడల్) అనే చిన్న సైజు చూడండి. వెడల్పు 15 అంగుళాలు, లోతు నాలుగు అంగుళాలకి కాస్తే ఎక్కువ. వెడల్పులో తేడా పెద్దగా అనిపించకపోయినా, లోతులో పోయిన ముప్పావు అంగుళం భుజానికి వెంటనే తెలుస్తుంది. నడుము దగ్గర సన్నగా ఉంటుంది కాబట్టి తొడ మీద కిందికి కూర్చుంటుంది కూడా. బేస్ కొంత తగ్గుతుంది, నిజమే. చర్చిలో ఎలాగూ మైకో పికప్పో ఉంటుంది కదా.

ఇంకో పద్ధతి ఉంది, మీ మేకర్ చేయగలరేమో అడగండి. కెనడాలో లిండా మాంజర్ అనే గిటార్ తయారీదారు 1984లో అమెరికన్ జాజ్ గిటారిస్టు పాట్ మెథనీ కోసం 42 తీగల గిటార్ చేశారు. అంత పెద్ద వాయిద్యం ఒళ్ళో ఇమడాలని, బాడీని పైపక్క పల్చగా, తొడ మీద ఆనే పక్క మందంగా చేశారు. దాన్నిప్పుడు వెడ్జ్ అంటారు. లోపల గాలి పరిమాణం దాదాపు అంతే ఉంటుంది, చెయ్యి ఆనే చోట మాత్రం పల్చబడుతుంది. ముంజేయి ఆనే అంచుని కోసి వాలుగా చేసే ఆర్మ్ బెవెల్ కూడా మంచిదే. ఈ రెంటిలో ఒకటే డబ్బుకి అందితే నేనైతే వెడ్జ్‌కి ఓటేస్తాను. బెవెల్ అంచు ఒత్తుకోకుండా కాపాడుతుంది, కానీ లేచిన భుజాన్ని పెద్దగా దించదు.

స్కేల్ లెంగ్త్ గురించి చాలామంది ఎక్కువ ఆశ పెట్టుకుంటారు. 25.4 అంగుళాల నుంచి 24.75కి దిగితే, అవే తీగలు, అదే శ్రుతి అయినప్పుడు బిగువు 5 శాతమే తగ్గుతుంది. మొదటి నాలుగు ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల) దూరం మూడున్నర మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. అదే మొదటి తీగ మందాన్ని 12 నుంచి 11కి (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) మార్చండి, దాని బిగువు ఒక్కదెబ్బకి 16 శాతం పోతుంది. అరస్వరం కిందికి శ్రుతి చేస్తే అన్ని తీగల మీదా 11 శాతం పోతుంది. క్వయర్‌తో వాయించాల్సి వస్తే మొదటి ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టుకుంటే సరి, శ్రుతి కలుస్తుంది, ఫ్రెట్లూ దగ్గరపడతాయి. చిన్న స్కేల్ తీసుకోండి, మంచిదే. కానీ అసలు ఉపశమనం వందల రూపాయల తీగల మార్పులోనే ఉంది. మామూలు 12-53 సెట్ (సన్న తీగ 12, లావు తీగ 53) బిగిస్తే ఆరు తీగలూ కలిసి 70 కిలోలకు పైనే లాగుతుంటాయి. 10-47కి దిగితే అది 60 కిలోల దగ్గరికి వస్తుంది. నైలాన్ తీగల గిటార్‌లో దాదాపు 40 కిలోలే, కానీ మీరు వాయించే పాటలకి ఆ గొంతు నచ్చుతుందో లేదో మీకే తెలియాలి.

సన్నటి నెక్ విషయంలో మీ ఫ్రెండ్‌తో నేను ఏకీభవించను. నెక్ మరీ పల్చగా ఉంటే బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి చేరి గిల్లినట్టు పట్టుకుంటాయి. బొటనవేలి కొసతో ఒక కిలో బలంగా గిల్లితే, ఆ వేలి మొదట్లో ఉన్న కీలు మీద దాదాపు 12 కిలోల ఒత్తిడి పడుతుందని కొలిచి చూశారు. యాభై దాటాక ముందుగా అరిగే కీళ్ళలో అదొకటి. సీసా మూత తిప్పినప్పుడు మీకు అక్కడ నొప్పి వస్తుంటే సన్నటి నెక్ అసలు వద్దు. అరచేతికి నిండుగా ఆనే మధ్యరకం సీ ఆకారం చాలు. నట్ 44.5 మిల్లీమీటర్లు పెట్టించుకోండి. 43 అయితే వేళ్ళు ఇరుక్కుంటాయి, అంతకన్నా బాగా వెడల్పైతే బారె కార్డుకి (ఒకే వేలితో తీగలన్నీ నొక్కేది) మణికట్టు ఎక్కువ వంగుతుంది. మణికట్టు ఎంత వంగితే నరం మీద అంత ఒత్తిడి.

చెక్క ఏది, డిజైన్ ఏది అన్నది మీ ఇష్టం, వైద్యానికి సంబంధం లేదు. కటవే (పై ఫ్రెట్లు అందేలా బాడీలో పెట్టే కోత) కూడా అంతే. చర్చి పాటలకీ సినిమా పాటలకీ పన్నెండో ఫ్రెట్ దాటి వెళ్ళే పని తక్కువ.

ఫారంలో లేని ఒక సంగతి మాత్రం మీరే పైన రాసి పంపండి, గిటార్ ఉండబోయేది విశాఖలో అని. మంచి మేకర్లు సుమారు 45, 50 శాతం తేమ ఉన్న గదిలో చెక్క పని చేస్తారు. మన సముద్రపు గాలిలో తేమ ఏడాదిలో ఎక్కువ రోజులు 70 శాతం పైమాటే. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, గిటార్ పైపలక లేస్తుంది, దాంతోపాటు తీగల ఎత్తు పెరుగుతుంది. బెంగళూరులో వెన్నలా ఉన్న గిటార్ ఇక్కడికొచ్చిన రెండు నెలలకి గట్టిపడిందంటే కారణం మీ వేళ్ళు కాదు. ఆ ఎత్తుని గెలవడానికి వేళ్ళు ఇంకా నొక్కుతాయి, తిమ్మిరి తిరిగొస్తుంది. అందుకని రెండు సాడిళ్ళు (బాడీ మీద తీగలు ఆనే చిన్న పట్టీలు) చేసిమ్మనండి, వానాకాలానికి కాస్త పొట్టిది, శీతాకాలానికి మామూలుది. నెక్‌లో సర్దుకునే ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే కడ్డీ) ఉండాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర బేస్ తీగ ఎత్తు 2 మిల్లీమీటర్లు, సన్న తీగ ఎత్తు ఒకటిన్నర దగ్గర ఉంచమనండి. తీగలు కోటింగ్ ఉన్నవి కొనండి. మామూలువి మన ఉప్పుగాలికి తుప్పుపట్టి వేళ్ళని గీరుతాయి.

ఈ రెండు నెలలూ మీ పాత డ్రెడ్‌నాట్ మీదే ప్రయోగం చేయండి. 11 సెట్ వేసి, ఎవరైనా తెలిసినవాళ్ళ దగ్గర సెటప్ (తీగల ఎత్తు, నెక్ వంపు సర్దడం) చేయించండి. ఎఫ్ కార్డు పట్టినప్పుడు చెయ్యి లాగుతుంటే, మొదటి ఫ్రెట్‌లో కేపో పెట్టి అదే ఆకారాన్ని రెండో ఫ్రెట్‌లో పట్టి చూడండి. ఒక్కసారిగా తేలికైతే నట్ గాట్లు ఎత్తుగా ఉన్నాయన్నమాట, అరగంట పనితో బాగవుతుంది. ఎడమ తొడ మీద గిటార్ పెట్టుకుని, కాలి కింద చిన్న పీట వేసి, నెక్ కొంచెం పైకి లేపి వాయించండి. మణికట్టు దానంతటదే నిటారవుతుంది. ఇరవై నిమిషాలు వాయించాక ఐదు నిమిషాలు ఆపండి. షాపుకి వెళ్ళి ఓఎం సైజు పరీక్షించేటప్పుడు కూడా రెండు పాటలతో లేవకండి, మీ భుజం పట్టేసేది అరగంటకి కదా, అంతసేపూ కూర్చోండి. షాపువాడు ఏమనుకున్నా ఫర్వాలేదు.

కొత్త గిటార్ వచ్చిన మొదటి వారం గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తున్నాను. ముచ్చటపడి రోజుకి మూడు నాలుగు గంటలు వాయించి, పదో రోజున చెయ్యి పట్టుకుని మా దగ్గరికి వస్తారు. అప్పటికి ఎంతసేపు అలవాటుందో అంతే వాయించండి, వారానికి పది నిమిషాల చొప్పున పెంచుకోండి.

ఒకవేళ తిమ్మిరి పగలు కూడా వదలకుండా ఉన్నా, చేతిలో గ్లాసు జారిపోతున్నా, బొటనవేలి కింద కండ రెండో చేతితో పోలిస్తే పల్చబడినట్టున్నా రెండు నెలలు ఆగొద్దు, ఈ వారమే చూపించుకోండి. స్ప్లింట్‌తో తగ్గనప్పుడు మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్, నరం బాగా నలిగి ఉంటే ఆ పట్టీని కోసి దారి వదులు చేసే చిన్న ఆపరేషన్ ఉన్నాయి. ఆపరేషన్ దాకా వస్తే చేతిలో మునుపటి పట్టు రావడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. గిటార్ డెలివరీ తేదీ దాన్నిబట్టి అడగండి.