గుమ్మడికాయ అంటే ఏ కాయ?

సందేహం: మాది కావలి. ఆయుధపూజ నాడు అంగడి ముందు కొట్టడానికి గుమ్మడికాయ తెమ్మని మా నాన్నగారు చెబితే, పులుసులో వేసుకునే పసుపుపచ్చ గుజ్జు కాయను తెచ్చాను. “గుమ్మడికాయ తెమ్మంటే ఇది తెచ్చావేమిటి?” అని ఆయన కోప్పడ్డారు. కూరగాయల అంగట్లో ఆ పేరు చెబితే ఇచ్చేది ఇదే కదా! ఇంతకూ ఆ మాట ఏ కాయకు చెందుతుంది? బూడిదగుమ్మడిని కలిపి రాయాలా, విడదీయాలా? గుమ్మడిపండు అనడం తప్పా?

సమాధానం: మీ నాన్నగారి వాడుక, అంగడివారి వాడుక రెండూ సరైనవే. అయితే మీ నాన్నగారిది పాత అర్థం, అంగడివారిది తరువాత వచ్చి చేరిన అర్థం.

మనం పులుసులో వేసుకునే తియ్యగుమ్మడి అమెరికా ఖండాలలో పుట్టిన మొక్క. 1492లో కొలంబస్ ఆ ఖండాల దారి పట్టిన తరువాతనే, ఐరోపా నావికుల ద్వారా, అది మన తీరాలకు చేరింది. బూడిదగుమ్మడి అలా కాదు. ఆయుర్వేదం కూష్మాండమని పిలిచి లేహ్యాలకు వాడిన కాయ అదే. కాబట్టి తియ్యగుమ్మడి రాకముందు గుమ్మడికాయ అంటే బూడిద పూత గల కాయ ఒక్కటే. కొత్త మొక్క కూడా నేల మీద పాకే తీగ, దానికీ పచ్చని పువ్వే, కాయా పెద్దదే కనుక మనవారు పాత పేరునే దానికీ పెట్టుకున్నారు. మిరియానికి చెందిన మాట నుంచే, అదే ఖండం నుంచి వచ్చిన కారపు కాయకు మిరప అనే పేరు ఏర్పడిన తీరు కూడా ఇటువంటిదే. పొరుగు భాషలు ఈ సందర్భంలో వేర్వేరు దారులు పట్టాయి. తమిళులు కొత్త కాయను పరంగికాయ, అంటే పరంగివాళ్ల (ఐరోపావారి) కాయ అన్నారు; కన్నడిగులు అదే పరంగి మాటను బొప్పాయికి పెట్టుకున్నారు. మలయాళంలో కుంబళం అంటే నేటికీ బూడిదగుమ్మడే, తియ్యగుమ్మడికి మత్తన్ అనే వేరే పేరుంది. కన్నడిగులు మాత్రం మనలాగే కుంబళ అనే ఒక్క మాటనే రెండింటికీ వాడి, ముందు విశేషణం చేర్చుకున్నారు.

పాత అర్థానికి గట్టి సాక్ష్యం మన సామెతలోనే ఉంది. “గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట” అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ దొంగ తలో చేతులో తడుముకోకుండా భుజాలే ఎందుకు తడుముకున్నాడో చాలామంది ఆలోచించరు. ముదిరిన బూడిదగుమ్మడి మీద తెల్లని పొడి ఉంటుంది. కాయను భుజాన మోసినవాడికి ఆ పొడి అంటుకుంటుంది. ఆ గుర్తు మిగిలిందేమోనన్న భయంతోనే వాడు భుజం తుడుచుకోబోయి పట్టుబడ్డాడు. తియ్యగుమ్మడికి ఆ పొడి లేదు కనుక, దాన్ని తలచుకుంటే సామెతలోని ప్రాణమే పోతుంది. కన్నడంలోనూ కుంబళకాయ దొంగ భుజమే ముట్టి చూసుకుంటాడు.

పూజలోనూ ఆచారంలోనూ ఈ పాత అర్థమే నిలిచి ఉంది. దిష్టికి గుమ్మం ముందు వేలాడదీసేదీ, జంతుబలికి మారుగా కుంకుమ చల్లి కొట్టేదీ బూడిదగుమ్మడే. సినిమావారు చిత్రీకరణ ముగిసిందనడానికి “గుమ్మడికాయ కొట్టారు” అంటారు. ఆ కాయా ఇదే. ఈ సందర్భాలలో “బూడిద” అని చేర్చనక్కరలేదు. వంటింట్లో మాత్రం విశేషణం అవసరం. బెల్లం, చింతపండు వేసి కాచే పులుసుకు గుమ్మడికాయ అంటే తియ్యగుమ్మడే. వడియాలకు ముక్కలు కోసి, ఉప్పు పసుపు కలిపి, గుడ్డలో మూటగట్టి బరువు కింద రాత్రంతా ఉంచి నీరు కార్చి, రుబ్బిన మినప్పిండిలో కలిపి ఎండబెట్టేది బూడిదగుమ్మడి. అందుకే “గుమ్మడి వడియాలు” అన్నప్పుడు వడియాలనే మాటే ఏ కాయో చెప్పేస్తుంది.

తియ్యగుమ్మడిని కొందరు మంచి గుమ్మడి అంటారు. అంతమాత్రాన రెండోది చెడ్డదని కాదు. ఉప్పునీళ్లకు ఎదురుగా మంచినీళ్లు అన్నట్లే, ఇక్కడ మంచి అన్నది రెంటిలో ఒకదాన్ని వేరుచేసి చూపే మాట. మన సముద్రతీర గ్రామాలవారికి ఈ తేడా వివరించి చెప్పనక్కరలేదు.

ఇక రాత విషయం. బూడిద వంటి పొడి గల గుమ్మడి అన్న అర్థంలో మధ్యపదాలు లోపించి ఏర్పడిన సమాసం కనుక బూడిదగుమ్మడి అని కలిపి రాయడమే నాకు ఇష్టం. విడదీసినా అర్థం చెడదు. గుమ్మిడికాయ అని పలికేవారు మన జిల్లాలలో ఉన్నారు. అది చివరి ఇకారం ప్రభావంతో వచ్చిన ఉచ్చారణ. రాతలో గుమ్మడి అనడమే మేలు.

గుమ్మడిపండు తప్పు కాదు. పండినా కూరకు వాడేదాన్ని కాయ అనడం మన అలవాటు. గూడూరు మార్కెట్లో బస్తాలకెత్తే పసుపుపచ్చని నిమ్మను కూడా నిమ్మకాయ అనే అంటారు, నిమ్మపండు అన్నా అందరికీ తెలుస్తుంది. అలాగే ముదిరి, గుజ్జు తీపెక్కిన తియ్యగుమ్మడిని గుమ్మడిపండు అంటారు. బూడిదగుమ్మడి ఎంత పండినా దాన్ని పండు అనడం వినబడదు. కాబట్టి ఇకపై పులుసుకు కావలసినప్పుడు గుమ్మడిపండు అని అడిగితే, మీ ఇంట్లోనూ అంగట్లోనూ ఒకే కాయ అర్థమవుతుంది.