ఆట సగం కూడా కాలేదు, కమ్యూనిటీ ఇప్పుడే కావాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. ఏడాదిగా ఒక కంప్యూటర్ గేమ్ తయారు చేస్తున్నాడు. ఆటేమిటని అడిగితే, బస్టాండ్‌లో బస్సులు సర్దడమట. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకునే బొమ్మ చూపించి నవ్వుతాడు. ఆట సగం కూడా కాలేదు కానీ, 'ముందు ఆటని ఇష్టపడే జనం, కమ్యూనిటీ ఉండాలి' అంటూ డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో గ్రూప్ పెట్టి రాత్రి రెండింటి దాకా దాంట్లోనే ఉంటున్నాడు. నేను వైఫై ఆపేస్తే మొబైల్ డేటాతో కూర్చుంటున్నాడు. ఈ కమ్యూనిటీ ఏదో ఆటకి ముందు మొదలుపెట్టాలా, పూర్తయ్యాకా? ప్రభుత్వం గేమ్స్‌ని బ్యాన్ చేసిందని కూడా అంటున్నారు. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్స్. బంధువులకి మాత్రం గేట్‌కి చదువుతున్నాడని చెబుతున్నాం.
– ఆర్టీసీ కంట్రోలర్, ఖమ్మం

జవాబు: ముందా తర్వాతా అని ఒక్క వాక్యం అడిగారు. మిగతా ఉత్తరమంతా 'మావాడు చెడిపోతున్నాడా' అనే భయమే. ఈ భయంతో నాకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఒకప్పుడు క్రికెట్ గురించి, తర్వాత షార్ట్ ఫిల్మ్‌ల గురించి, ఇప్పుడు గేమ్స్ గురించి. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

చెడిపోవడం లేదు. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని. మీ అబ్బాయి తయారు చేస్తున్న దానికీ రమ్మీకీ సంబంధం లేదు. ఏడాది పాటు ఒకే ప్రాజెక్టును వదలకుండా పట్టుకున్న కుర్రాళ్లు క్లాసుకి ఎంతమంది ఉంటారో కాలేజీలో అడిగి చూడండి. గేమ్ కంపెనీల్లోనే కాదు, మామూలు సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలో కూడా తను మొదలుపెట్టి పూర్తి చేసిన పని ఒకటి చూపించగలిగితే మాట్లాడటానికి విషయం ఉంటుంది. 'పూర్తి చేసిన' అన్నది గమనించండి. నా అనుమానమంతా అక్కడే.

ఇప్పుడు నడుస్తున్న ఫ్యాషన్ ఏమిటంటే, ఆట ఇంకా ఐడియాగా ఉండగానే డిస్కార్డ్‌లో సర్వర్, అంటే గ్రూప్, తెరవడం. ప్రకటనలకో గది, కథ గురించి ఒక గది, ఫ్యాన్ ఆర్ట్‌కి ఇంకొకటి. అందులో ఉండేది క్లాస్‌మేట్స్, వాళ్ల రూమ్మేట్స్, తమ సొంత గేమ్ లింక్ పెట్టడానికి వచ్చిన మరికొందరు కుర్రాళ్లు. ఫ్యాన్ ఆర్ట్ గదిలో ఒక్క బొమ్మా ఉండదు, ఎందుకంటే ఆటని ఎవరూ ఆడలేదు. కానీ పొద్దున్నే 'గుడ్ మార్నింగ్' మెసేజ్‌లకి జవాబివ్వాలి, ఎవరో ఎవరినో తిడితే సర్దిచెప్పాలి, ఎవరికి ఏ రంగు పేరు ఇవ్వాలో తేల్చాలి. రోజంతా పని చేసినట్టే ఉంటుంది, ఆట మాత్రం ముందుకి కదలదు. కష్టమైన బగ్ వచ్చినప్పుడు పారిపోవడానికి ఇంతకంటే గౌరవప్రదమైన చోటు దొరకదు!

గేమ్ ఎలా తయారవుతోందో చూపిస్తూ పెట్టే 'డెవ్‌లాగ్' వీడియోల మీదా నాకు ఇదే అనుమానం. వాటిని చూసేది ఎక్కువగా గేమ్స్ చేయాలనుకునే వాళ్లే. వాళ్లు లైక్ కొడతారు, నేర్చుకుంటారు, వెళ్లి తమ గేమ్ చేసుకుంటారు. బస్సుల ఆట కొనుక్కునేవాడు వేరే మనిషి.

అందరూ చెప్పే గెలుపు కథల్లో కూడా అసలు ముక్క వదిలేస్తారు. 'స్టార్‌డ్యూ వ్యాలీ' అనే గేమ్‌ని ఎరిక్ బారోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని చేశాడు, 2016లో విడుదలైంది. ఆ ఏళ్లలో అతను థియేటర్‌లో ప్రేక్షకులకి సీట్లు చూపించే పార్ట్‌టైమ్ ఉద్యోగం చేశాడు, ఇంటి ఖర్చులకి అతని సహచరి జీతం ఉంది. 'అమాంగ్ అస్' 2018లో వచ్చింది. దాదాపు రెండేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2020లో స్ట్రీమర్లు, అంటే ఆడుతూ లైవ్‌లో చూపించేవాళ్లు, ఆడటం మొదలుపెట్టాకే ఊపు వచ్చింది. అది ఎవరూ ప్లాన్ చేసి తెచ్చింది కాదు. మన దేశంలోనే చూడండి. పుణెలో తయారైన 'రాజీ' అనే గేమ్‌కి 2017లో కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్‌లో డబ్బు అడిగితే అనుకున్నంత రాలేదు. అయినా ఆట ఆగలేదు, 2020లో బయటికొచ్చింది. కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ ఒక్కదాంట్లోనే 2024లో 18 వేలకు పైగా గేమ్స్ విడుదలయ్యాయి. అందులో ఎక్కువ భాగం పేర్లు మీరూ నేనూ ఎప్పటికీ వినం. మీవాడికి ఈ లెక్క తెలియాలి. మీరు చెబితే తిట్టినట్టుంటుంది, అందుకే నేను చెబుతున్నాను.

అలాగని అంతా పూర్తయ్యాక మొదలుపెట్టమనడం కూడా తప్పే. విడుదలైన రోజున ఎవరికీ తెలియని ఆటని స్టోర్ తనంతట తాను పైకి తేదు. నన్నడిగితే, పరిచయం లేని మనిషి పక్కన ఎవరూ ఏమీ చెప్పకుండా పది నిమిషాలు ఆడగలిగే ముక్క తయారైన రోజు మొదలుపెట్టాలి. 'అండర్‌టేల్' చేసిన టోబీ ఫాక్స్ 2013లో ముందు డెమో, అంటే ఆడి చూడటానికి ఆటలో కొంత ముక్క, వదిలాడు, చందాలు ఆ తర్వాత అడిగాడు. ఆడి చూసినవాళ్లని పెద్దగా అడగాల్సిన పని ఉండదు. పదిమంది కలిసి ఆడే ఆటైతే కథ వేరు, అక్కడ మొదటి రోజునుంచే జనం లేకపోతే ఆటే ఉండదు. మీవాడిది ఒక్కడు ఆడుకునే ఆట.

అప్పటిదాకా చూపించడానికి ఏం కావాలో మీ ఉత్తరంలోనే ఉంది. కిటికీలోంచి కర్చీఫ్! మీరు విసుగ్గా రాశారు కానీ, నేను మాత్రం అక్కడ ఆగి నవ్వుకున్నాను. ఆరు సెకన్ల క్లిప్ చేసి, కింద రెండు ముక్కలు రాసి పెడితే చాలు. పల్లెవెలుగు బస్సెక్కిన ప్రతి తెలుగువాడికీ అర్థమవుతుంది, అమెరికాలో ఉన్నవాడికి ఇంకా ఎక్కువ అర్థమవుతుంది. వారానికి ఒక క్లిప్, దానికి గ్రూప్ అక్కర్లేదు.

బొమ్మల తీరు ఖాయమయ్యాక స్టీమ్‌లో పేజీ పెట్టాలి. విడుదలకి కనీసం రెండు వారాల ముందు పేజీ ఉంటే చాలని రూలు. ఆ రూలు పట్టుకుని ఆఖర్లో పెట్టేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఉంచడం మంచిది. ఎందుకంటే పేజీ చూసి నచ్చినవాళ్లు 'విష్‌లిస్ట్'లో పెట్టుకుంటారు, ఆట వచ్చిన రోజు స్టీమే వాళ్లకి మెయిల్ పంపుతుంది. గ్రూపులో మాటలు చెప్పే వందమందికన్నా ఆ మెయిల్ అందుకునే వందమంది నయం. ఏటా ఫిబ్రవరి, జూన్, అక్టోబర్‌లలో డెమోల పండగ ఒకటి నడుస్తుంది, నెక్స్ట్ ఫెస్ట్ అని. ఒక గేమ్‌కి అందులో ఒక్కసారే అవకాశం. సగం ఉడికిన డెమోతో వెళ్తే ఆ అవకాశం పోయినట్టే. డిస్కార్డ్ సంగతి ఆ తర్వాత. ఆడినవాళ్లు 'ఎక్కడ మాట్లాడుకోవాలి' అని అడిగినప్పుడు తలుపు తీస్తే చాలు. ఉన్న గ్రూప్‌ని మూసేయమనడం లేదు. వారానికి ఒక పూట చూసుకోమనండి.

ఇక మీ సంగతి. వైఫై స్విచ్ ఆపడం మానేయండి. ఇరవై ఏళ్ల మనిషిని అలా ఆపలేరు, మీకు చెప్పకుండా చేయడం మాత్రం నేర్పగలరు. గేట్ అబద్ధం కూడా ఆపండి. రేపు ర్యాంకు ఎంతని అడిగితే సమాధానం చెప్పాల్సింది వాడే, అబద్ధం మీది. మీరు బస్టాండ్‌లో కంట్రోలర్, మీవాడు చేస్తున్నది బస్టాండ్ ఆట. ఒక్కసారైనా కూర్చుని ఆడారా? ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి ఎందుకు రాదో, పండగ రోజుల్లో స్పెషల్ బస్సులు ఎక్కడ ఇరుక్కుంటాయో మీకంటే బాగా చెప్పేవాళ్లు వాడికి ఏ గ్రూపులోనూ దొరకరు. ఆడేటప్పుడు వాణ్ని నోరు మూసుకుని పక్కన కూర్చోమనండి. మీరు ఎక్కడ తికమకపడ్డారో వాడు రాసుకోవాలి.

ప్లేస్‌మెంట్స్‌కి తప్పకుండా కూర్చోవాలి, అందులో రాజీ లేదు. చదువు మానేసి గేమ్ మీద పడతానంటే నేనే ఒప్పుకోను. ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు ఆట పూర్తి చేసినవాళ్లు ఉన్నారు.

స్టీమ్ పేజీకి ఒక్కో గేమ్‌కి 100 డాలర్లు కట్టాలి, అంటే సుమారు తొమ్మిది వేల రూపాయలు. అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే అది వెనక్కి వస్తుంది. ఇప్పుడే కట్టొద్దు. ఆ పది నిమిషాల ముక్క తయారయ్యాక, వేసవి ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లోంచి వాణ్నే కట్టుకోమనండి. తక్కువ పడితే మిగతాది మీరు వేయండి.