కికుచి తర్వాత కన్ను ఎర్రబడితే

మీ చెల్లికి మెడలో బిళ్లలు కట్టి, బయాప్సీలో కికుచి అనే బిళ్లల జబ్బని తేలిందన్నారు. ఇప్పుడు ఎడమ కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతోంది, రెండింటికీ సంబంధం ఉంటుందా అని అడిగారు. ఉండొచ్చండి. చాలా అరుదు, కానీ నాకు అలాగే జరిగింది.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు, మెహదీపట్నంలో ఉండేవాళ్లం. జ్వరం, మెడలో ముట్టుకుంటే నొప్పి పెట్టే బిళ్లలు. మన దగ్గర మెడలో బిళ్ల అనగానే ముందు టీబీ అనుమానమే. సూది పరీక్షలో ఏమీ తేలక, బిళ్లనే తీసి పరీక్షిస్తే కికుచి అన్నారు. 1972లో జపాన్‌లో కికుచి, ఫుజిమోటో విడివిడిగా గుర్తించిన జబ్బు ఇది. క్యాన్సర్ కాదు, ఎక్కువమందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. అమ్మ ఆ మాట విన్నాకే అన్నం తింది.

కన్ను విషయంలోనే తప్పు చేశాను. కండ్లకలక అనుకుని మెడికల్ షాపు చుక్కలతో నాలుగు రోజులు పోగొట్టుకున్నాను. పుసి లేదు, రెప్పలు అంటుకోలేదు. నల్లగుడ్డు చుట్టూ ఎరుపు, లోపల్నుంచి సలుపు. ట్యూబ్‌లైట్ వేస్తే చున్నీ కప్పుకునేదాన్ని. కంటి డాక్టర్ స్లిట్ ల్యాంప్‌తో చూసి యువియైటిస్ అన్నారు, అంటే కంటి లోపలి వాపు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేశాక అక్క ఫోన్‌లో ఫొటో తీసి చూపించింది. పాప గుండ్రంగా లేదు! ఒక పక్క లెన్స్‌కి అతుక్కుని, నొక్కేసినట్టు ఉంది. ఇంకొన్నాళ్లు ఆగితే ఆ అతుకు విడేది కాదన్నారు.

మొదట గంటకోసారి స్టెరాయిడ్ చుక్కలు, తర్వాత వారాల తరబడి మెల్లగా తగ్గించారు. ఎరుపు పోయింది కదా అని మధ్యలో ఆపనివ్వకండి, తిరగబెడుతుంది. ఆ చుక్కలతో కంటి ప్రెషర్ పెరగొచ్చు, అది కూడా చూపించుకుంటూ ఉండాలి.

టీబీ, సార్కాయిడోసిస్ (ఒంట్లో అక్కడక్కడా చిన్న వాపు గడ్డలు కట్టే జబ్బు), లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే సొంత ఒంటి మీద దాడి చేసే జబ్బు) కూడా బిళ్లలనీ కంటి వాపునీ తెస్తాయి. అందుకే డాక్టర్లు మళ్లీ రక్త పరీక్షలు రాస్తారు, టెన్షన్ పడకండి. కికుచి వచ్చినవాళ్లలో కొందరికి తర్వాత లూపస్ బయటపడుతుంది కాబట్టి నాకు ఏఎన్ఏ అని లూపస్ జాడ చూసే రక్త పరీక్ష ఇప్పటికీ చేయిస్తున్నారు.

బంజారాహిల్స్ ఎల్‌వీ ప్రసాద్‌కో, మెహదీపట్నం సరోజినీదేవికో, దగ్గరున్న ఏ కంటి ఆసుపత్రికైనా సరే, ఈ రోజే తీసుకెళ్లండి. బయాప్సీ రిపోర్టు చేతిలో పెట్టుకుని వెళ్లండి, అడగకపోయినా చూపించండి. చుక్కలు వేశాక చూపు మసకబారుతుంది, ఒంటరిగా పంపకండి.