చెరువు తెగకపోయినా కథే

చిరంజీవికి,

నీ సూపర్ హీరో సిరీస్ కథ చదివాను. తిరుపతి నేలమట్టమైంది. నీ కథానాయకుడు కపిలతీర్థం మీదుగా ఎగిరి, రేణిగుంట దాకా శిథిలాలు చూసి పిడికిలి బిగించాడు. ఆ పిడికిలి దగ్గరే నాకు ఒళ్లు మండింది. పేజీల తరబడి భవనాలు కూల్చావు, అతనికి ఒక్కసారైనా దాహం వేయనివ్వలేదు.

సూపర్ హీరో సీరియళ్లలో ప్రళయానికి జనం అతుక్కుపోయేది కూలిన మేడలను చూసి కాదు. అంత శక్తి ఉన్నవాడు కూడా చేతకాక నిలబడిపోయే చోటు అది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన 'ది అంబ్రెల్లా అకాడమీ' చూడు. ఫైవ్ అనే కుర్రవాడు కాలంలో ముందుకు దూకి, అంతా అయిపోయిన లోకంలో పడతాడు. శిథిలాల్లో తోబుట్టువుల శవాలు కనిపిస్తాయి. వెనక్కి దూకడం తెలియదు. దశాబ్దాల పాటు ఒక దుకాణం బొమ్మతో మాట్లాడుకుంటూ ముసలివాడవుతాడు. ఆ ప్రళయం ఆకాశం నుంచి ఊడిపడిందా? ఇంట్లో అందరూ చిన్నప్పటి నుంచి పక్కన పెట్టిన తోబుట్టువు నుంచి వచ్చింది. ఆ ఇంట్లోవాళ్లంతా ఒక బల్ల చుట్టూ కూర్చుని నిజం మాట్లాడుకోగలిగితే ఆగిపోయేదే!

వయసులో ఉన్నప్పుడు నేను చిత్తూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ, చెరువు కట్ట తెగుతుందేమోనని రాత్రంతా కాపలా కాసిన ఊరి మీద కథ రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు తిప్పి పంపాడు. చెరువు తెగలేదు కాబట్టి కథ లేదట, తెంచి మళ్లీ పంపమన్నాడు. నేను తెంచలేదు. అది ఎక్కడా అచ్చు కాలేదు. ఆయన అన్నది తప్పని ఇప్పటికీ అంటాను. ఇప్పుడు తెర మీదా అదే జబ్బు. ఒక సీజన్‌లో ఊరు, తరువాత భూమి, ఆ పైన విశ్వాలు.

2021 నవంబరు వానల్లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట నీరు కారితే దిగువ పల్లెలు ఖాళీ చేయించారు. ఆకాశం నుంచి ఏ సూపర్ హీరో దిగలేదు. ఇసుక బస్తాలు వచ్చాయి. నాకు తెలిసిన రైతు ఇల్లు వదిలే ముందు అడిగింది ఒక్కటే: ఆవుల పాలెవరు పితుకుతారు? కట్ట నిలిచింది. ఆ ప్రశ్నలో ఉన్న భయం నీ ముప్పై పేజీల్లో లేదు. అంతకు ముందు ఏడాది మార్చిలో కరోనా వల్ల తిరుమల దర్శనాలు ఆగిపోయినప్పుడు అలిపిరి ఎలా ఉండేదో ఈ ఊరివాడివి, నీకు నేను చెప్పాలా?

కొనేవాళ్లు లేకపోయినా మాల కడుతున్న నీ కథలోని ముసలమ్మ బాగుంది. ఆమెను రెండో పేజీలోనే వదిలేశావు. కథానాయకుడిని ఆమె దగ్గరకు నడిపించు. ఎగరనివ్వకు. ఆమెకు అరటినార అయిపోయింది. అతను ఎక్కడి నుంచి తెస్తాడు? చెట్లున్నాయా, నీళ్లున్నాయా? అక్కడి నుంచి మొదలుపెట్టు. రేణిగుంట దృశ్యం మొత్తం కొట్టేయి.

దసరా దాకా నేను ఊళ్లోనే ఉంటాను. తిరగరాసింది కాగితాల మీద అచ్చు తీసి తీసుకురా, ఫోనులో నా కళ్లకు ఆనదు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు