బాధ్యత మీది, నిర్ణయం ఇంకొకరిది: ఉద్యోగ ఒత్తిడిపై మీ ప్రశ్నలు

ప్రశ్న: రొయ్యల గుంటల మీద టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఆరు గుంటలు నేనే చూడాలి. రాత్రి కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఎప్పుడు ఆగుతాయోనని నిద్ర పట్టదు. ఇంటికెళ్లినా గుండె దడే. డీజిల్ కొనాలన్నా ఓనరుకు ఫోన్ చేసి అడగాలి.
– ఒక పాఠకుడు, ముత్తుకూరు మండలం

జవాబు: మీ భయం ఉత్తుత్తిది కాదు. పగలు ఆక్సిజన్ ఇచ్చిన పాచే రాత్రంతా రొయ్యలతో పాటు దాన్ని పీల్చుకుంటుంది. అందుకే డీఓ (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) తెల్లవారుజామున బాగా పడిపోతుంది. మనిషికి నిద్ర ముంచుకొచ్చే వేళ కూడా అదే. మిమ్మల్ని టెన్షన్ పడొద్దనడం వల్ల ఉపయోగం లేదు, కాపలా పద్ధతి మారాలి.

ముందు ఆ కాపలాను మీ చెవుల మీద నుంచి దించండి. కరెంటు పోగానే మోగే బ్యాటరీ అలారం షెడ్డులో పెట్టించండి. అది ఒక్క ఫేజుకే కలిపి ఉంటే, మిగతా రెండిట్లో ఒకటి పోయినప్పుడు మోగదు. మోటార్లు మాత్రం గుయ్‌మంటూ వేడెక్కి కాలిపోతాయి. కాబట్టి మూడు ఫేజులనూ కనిపెట్టే రిలే కావాలని ఎలక్ట్రీషియన్‌కు స్పష్టంగా చెప్పండి. వారానికోసారి పగటిపూట మెయిన్ దించి చూడండి. అలారం మోగిందా, జనరేటర్ ఎన్ని నిమిషాల్లో అందుకుంది, అన్ని ఏరేటర్లూ తిరిగాయా అన్నది పుస్తకంలో రాయండి. చాలాచోట్ల అవసరానికి మోగకపోవడానికి కారణం చచ్చిపోయిన బ్యాటరీయే.

రెండోది, ఓనరుతో మాట. పని భారం ఎక్కువగా ఉండి నిర్ణయాధికారం తక్కువైన ఉద్యోగాల్లోనే మనిషి ఎక్కువ నలిగిపోతాడని ఉద్యోగ ఒత్తిడిపై పరిశోధన చేసిన రాబర్ట్ కరాసెక్ 1979లోనే చూపించారు. మీది సరిగ్గా అలాంటి ఉద్యోగమే. కాబట్టి ఒక కాగితం మీద ముందే ఒప్పించుకోండి: డీఓ 4 పీపీఎంకి దిగితే అడగకుండానే అన్ని ఏరేటర్లూ వేస్తాను, మేత ఆపుతాను, ఒక రాత్రికి సరిపడా డీజిల్ ఎప్పుడూ షెడ్డులోనే ఉండాలి. డీఓ మీటరు చూడటం కాపలాదారుకు నేర్పి, వారానికి రెండు రాత్రులైనా మీరు పూర్తిగా సెలవు తీసుకోండి. ఆ రెండు రాత్రులూ ఫోన్ అతని దగ్గరే ఉండాలి.

దడ మాత్రం ఒత్తిడి వల్లేనని మీరే తేల్చుకోవద్దు. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. పడుకోబోయే ముందు ఆరు గంటలు టీ మానేయండి. తాగిన కెఫీన్‌లో సగం సుమారు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

ప్రశ్న: మా ఆఫీసులో నెలకోసారి యోగా క్లాసు పెడుతున్నారు. ఒత్తిడి తగ్గడం లేదేం?
– నెల్లూరు

జవాబు: ముగ్గురి పని ఇద్దరి చేత చేయిస్తుంటే ఆసనాలతో తగ్గదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బర్న్‌అవుట్‌ను (పనితో పూర్తిగా డస్సిపోవడాన్ని) జబ్బుగా కాక, పనిచోట అదుపు చేయని దీర్ఘకాలిక ఒత్తిడి ఫలితంగానే లెక్కగట్టింది. యోగా మంచిదే. ఖాళీ పోస్టు సంగతి కూడా అడగండి.

ప్రశ్న: ఫైనాన్సు కంపెనీలో వాయిదాల వసూళ్లు చూస్తాను. టార్గెట్ అందుకోని వాళ్ల పేర్లు రాత్రి వాట్సాప్ గ్రూపులో పెడతారు. పొద్దున లేవగానే కడుపులో తిప్పుతుంది.
– ఒక సోదరి, ఒంగోలు

జవాబు: నలుగురిలో పేరు పెట్టి చిన్నబుచ్చడం తప్పు, అందులో మీ లోపమేమీ లేదు. అలాగని గ్రూపులో జవాబివ్వకండి. నాలుగు వారాల లెక్క రాసుకోండి: ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఎన్ని వాయిదాలు వచ్చాయి, రానివి ఎందుకు రాలేదు. పొగాకు రైతుకు వేలం డబ్బు చేతిలో ఉన్న నెలకూ, లేని నెలకూ ఒకే టార్గెట్ వేస్తే ఎలా అందుతుందో ఆ కాగితమే చెబుతుంది. దాన్ని పట్టుకుని ఇద్దరు ముగ్గురు కలిసి మేనేజరును విడిగా అడగండి. రాత్రి తొమ్మిది దాటాక గ్రూపును మ్యూట్‌లో పెట్టండి.

కడుపు తిప్పినప్పుడు నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చాలు. ఊపిరి నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. తల తిరిగితే ఆపేయండి.

రెండు వారాలుగా నిద్ర, ఆకలి లేకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.